పాట పేరుతో పాటు నిమిషం కూడా చెప్పండి

అందరికీ నమస్కారం.

ఇవాళ్టి కార్యక్రమం ఏమిటో మీకు తెలుసు. డెబ్భైల నాటి రాక్ సంగీతంలో ఎవరికి నచ్చిన పాట వాళ్ళు చెప్పాలి, దాంతో ముడిపడ్డ జ్ఞాపకం ఏదైనా ఉంటే పంచుకోవాలి, ఆ తర్వాత అందరం కలిసి ఆ పాట వినాలి. మైకు మీ చేతికి వచ్చేముందు కాసేపు నన్ను మాట్లాడమన్నారు. దొరికిందే సందని నేనొక షరతు పెడుతున్నాను. పాట పేరు ఒక్కటే చెప్తే ఒప్పుకోం. ఆ పాటలో ఎక్కడ, ఏ నిమిషం దగ్గర మీ ఒళ్ళు ఝల్లుమంటుందో అది కూడా చెప్పాలి.

ఇలాంటి చోట్ల పేర్లు చాలా త్వరగా అయిపోతాయండీ. స్టెయిర్‌వే టు హెవెన్, హోటల్ కాలిఫోర్నియా, స్మోక్ ఆన్ ది వాటర్, బొహీమియన్ రాప్సొడీ... పదిమంది మాట్లాడేసరికి ఈ నాలుగే తిరిగి తిరిగి వస్తాయి. 'గొప్ప పాట సార్' అని ఒకరంటారు, 'అవున్సార్, గొప్ప పాట' అని ఇంకొకరంటారు. మాట అక్కడితో ఆగిపోతుంది. అదే నిమిషం అడిగి చూడండి, ఒకే పాటలో నలుగురు నాలుగు చోట్ల వేలు పెడతారు. స్టెయిర్‌వేలో ఒకరికి మొదట్లో లెడ్ జెప్లిన్ బృందంలోని జాన్ పాల్ జోన్స్ ఊదిన రికార్డర్లు, అంటే పిల్లనగ్రోవి లాంటి వాయిద్యాలు, ఇష్టం. ఒకరు నాలుగు నిమిషాలు దాటాక గానీ రాని డ్రమ్స్ కోసం కాచుకుని కూర్చుంటారు. ఇంకొకరికి చివర్లో జిమ్మీ పేజ్ సోలో తప్ప మిగతాదంతా ఉపోద్ఘాతమే. ఆ సోలో రికార్డింగులో ఆయన వాయించింది మనం ఫొటోల్లో చూసే రెండు మెడల గిటార్ మీద కాదు, స్నేహితుడు జెఫ్ బెక్ ఇచ్చిన పాత టెలికాస్టర్ మీద.

నేను గమనించిందేమిటంటే, ఇలా వేలు పెట్టిన చోట తరచుగా ఒక గదో, ఒక చెయ్యో వినిపిస్తుంటుంది. ఆ కాలపు రాక్‌లో బాణీ ఎంత వినిపిస్తుందో, అది రికార్డయిన గది గోడలు, తీగ మీద పడిన వేళ్ళు కూడా అంతే వినిపిస్తాయి. నన్ను పట్టుకున్నది అదే. మిమ్మల్ని పట్టుకున్నది కూడా అదేనని నా అనుమానం.

ముందు గది సంగతి చెప్తాను. ఇంగ్లండులోని హ్యాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అని మూడంతస్తుల పాత ఇల్లు ఉంది. దిక్కులేనివాళ్ళ చేత పని చేయించుకుని తిండి పెట్టే వర్క్‌హౌస్‌గా 1795లో కట్టారు. లెడ్ జెప్లిన్ తమ నాలుగో ఆల్బం కోసం అక్కడ మకాం వేశారు. రికార్డింగు సామానంతా రోలింగ్ స్టోన్స్ వాళ్ళ మొబైల్ స్టూడియో లారీలో ఉంది. లారీ బయట, వాయించేవాళ్ళు లోపల. ఒక పాట కోసం డ్రమ్మర్ జాన్ బోనమ్ డ్రమ్ముల సెట్టును ముందు హాల్లో మెట్ల దగ్గర పెట్టారు. ఇంజనీరు ఆండీ జాన్స్ రెండు మైకుల్ని పైన మెట్ల మలుపు దగ్గర్నుంచి కిందికి వేలాడదీశాడు. అంతే. డ్రమ్ముల పక్కన దగ్గరగా ఒక్క మైకు కూడా లేదు. కాలితో తొక్కే పెద్ద డ్రమ్ముకు విడిగా మైకు పెట్టడం అప్పటికే మామూలు, దానికీ పెట్టలేదు. బోనమ్ కాలు పడితే ఆ దెబ్బ నేలకు, గోడలకు తగిలి, మెట్లెక్కి మైకు దాకా వెళ్ళాలి. దానికొక ఎకో యంత్రం తోడైంది. మిక్సింగులో టేపు వేగం కూడా కాస్త తగ్గించారు.

వెన్ ది లెవీ బ్రేక్స్ మొదలయ్యేది ఆ శబ్దంతోనే. గిటార్ ఇంకా రాలేదు, గొంతు ఇంకా రాలేదు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఎత్తైన ఒక హాలు. ఆ ఆల్బం 1971 నవంబరులో వచ్చింది. పదిహేనేళ్ళ తర్వాత బీస్టీ బాయ్స్ అనే ర్యాప్ బృందం వాళ్ళు ఆ డ్రమ్స్ ముక్కనే కోసి తెచ్చుకుని తమ మొదటి ఆల్బంను దాంతో మొదలుపెట్టారు. వాళ్ళ తర్వాత ఇంకెంతమందో వాడుకున్నారు. ఒక గది ప్రతిధ్వని ఇన్ని పాటల్లో తిరగడం చిన్న సంగతి కాదు.

అసలు పాట జెప్లిన్ వాళ్ళది కాదని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1927లో మిసిసిపీ నది కరకట్టలు తెగి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోతే, ఆ వరద మీద మెంఫిస్ మినీ, కాన్సాస్ జో మెకాయ్ అనే బ్లూస్ గాయకుల జంట 1929లో రికార్డు చేసిన పాట అది. కరకట్ట తెగడమంటే ఏమిటో కృష్ణా, గోదావరి ఒడ్డున పెరిగినవాళ్ళకు వివరించక్కర్లేదు. ఇంగ్లీషు సాహిత్యం సగం అర్థం కాని రోజుల్లో కూడా ఆ డ్రమ్స్ వింటే నాకు నీళ్ళు ఎక్కడో తన్నుకొస్తున్నట్టే ఉండేది.

నేను ఇవన్నీ విన్నది ఎనభైల్లో, వరంగల్ హాస్టల్లో. డెబ్భైల పాటలు మా దాకా వచ్చేసరికి ఎనభైలు అయ్యాయి. ఎల్పీలు ఎవరి దగ్గరా లేవు. ఎవరో ఎవరి దగ్గరో కాపీ చేయించుకున్న క్యాసెట్‌కు మాది మళ్ళీ కాపీ. తొంభై నిమిషాల క్యాసెట్‌కు ఒక్కో వైపు నలభై ఐదు నిమిషాలు. పింక్ ఫ్లాయిడ్ డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్ దాదాపు నలభై మూడు నిమిషాలు, విష్ యు వర్ హియర్ నలభై నాలుగు. ఒకటి ఏ వైపు, ఒకటి బీ వైపు, కొలిచి కుట్టించినట్టు సరిపోయేవి. ఎల్పీ మీద డార్క్ సైడ్ విన్నవాళ్ళకు మధ్యలో లేచి రికార్డు తిప్పడం ఉంటుంది. మాకు ఆ తిప్పడం లేదు. గాయని క్లేర్ టోరీ గొంతు సన్నగిల్లుతుండగానే మనీ పాటలో చిల్లర గలగలలు మొదలయ్యేవి. ఆ ఆల్బం అలాగే ఉంటుందని మా నమ్మకం.

ఇక విష్ యు వర్ హియర్ పాట మొదట్లో గిటార్ చిన్న రేడియోలోంచి వస్తున్నట్టు కీచుగా ఉంటుంది కదా. అది కావాలని చేసింది. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ కారు రేడియోలో స్టేషన్లు తిప్పుతుంటే రికార్డు చేసి, ఆ వెనకే గిటార్ కూడా అదే రేడియోలోంచి వస్తున్నట్టు పలుచన చేశారు. క్యాసెట్ వచ్చిన రోజు మా రూమ్మేట్ అది వినగానే టేప్ రికార్డర్ ఆపేసి, మూత తీసి, అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి హెడ్ తుడవడం మొదలుపెట్టాడు. మళ్ళీ వేశాడు, అదే కీచు. మళ్ళీ తుడిచాడు. మూడోసారి ఆపకుండా వదిలేస్తే, ఒక నిమిషం తర్వాత రెండో గిటార్ మన పక్కనే కూర్చుని వాయిస్తున్నట్టు నిండుగా వచ్చి పడింది. గది మొత్తం నిశ్శబ్దం. రేడియో పక్కన పెట్టుకుని ఒంటరిగా కూర్చున్న కుర్రాడొకడు దాంతోపాటు తనూ వాయిస్తున్నట్టు చేశారన్నమాట. ఆ రెండో గిటార్‌కు కాస్త ముందు ఎవరో దగ్గుతారు, వినండి. అది గిల్మర్ దగ్గే. ఇప్పుడైతే కంప్యూటర్లో ఒక్క నొక్కుతో తీసేసేవాళ్ళు.

మనీ ఎందుకో మనవాళ్ళ చెవికి చటుక్కున ఎక్కుతుంది. కారణం నాకు తెలుసనే అనుకుంటున్నాను. మృదంగం నేర్చుకున్న మిత్రుడొకడు మొదటిసారి వింటూనే తొడ మీద 'తకిట తకధిమి' వేసేశాడు. ఏడు. మన మిశ్రచాపు ఏడు. పాశ్చాత్య రాక్‌లో తొంభై శాతం నాలుగులో నడుస్తుంటే, ఇది ఏడులో కుంటుతూ హుందాగా నడుస్తుంది. ఆ చిల్లర శబ్దాల కోసం పింక్ ఫ్లాయిడ్‌లోని రోజర్ వాటర్స్ తన భార్య కుండలు చేసుకునే గిన్నెలో నాణేలు విసిరి రికార్డు చేశాడు. కాగితం చింపిన చప్పుడు, దుకాణాల్లో గల్లాపెట్టె మోత కలిపి, టేపును స్కేలుతో కొలిచి ఏడు సమాన ముక్కలుగా కోసి అతికించారు. ఆ టేపు గిరగిరా తిరుగుతుంటే అదే తాళం. గిటార్ సోలో దగ్గరికి రాగానే పాట నాలుగులోకి దూకుతుంది. నాకు నచ్చిన చోటు ఆ దూకుడు. సోలో కూడా కాదు, సోలోలోకి మారే ఆ ఒక్క అడుగు.

క్లేర్ టోరీ పేరెత్తాను కాబట్టి ఆవిడకు జరిగింది కూడా చెప్పాలి. 1973 జనవరిలో ఒక ఆదివారం ఆబీ రోడ్ స్టూడియోకు పిలిచారు. మాటలు లేవు, బాణీ లేదు, ఏదో ఒకటి పాడమన్నారు. తన గొంతునే ఒక వాయిద్యం అనుకుని పాడింది. ముప్ఫై పౌండ్లు ఇచ్చి పంపించారు. అసలు వాడతారో లేదో కూడా ఆమెకు తెలియదు. ఆవిడ పాడిన డార్క్ సైడ్ ఆల్బం 1973 నుంచి 1988 దాకా అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 741 వారాలు ఉంది. 2004లో ఆవిడ కోర్టుకెక్కితే, మరుసటి ఏడాది రాజీ కుదిరి ఆ పాటకు పింక్ ఫ్లాయిడ్‌లోని రిక్ రైట్ పేరు పక్కన ఆవిడ పేరు కూడా స్వరకర్తగా చేరింది. ఆ పాట, ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై, ఎంచుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, దయచేసి పింక్ ఫ్లాయిడ్ పేరుతో పాటు ఆమె పేరు కూడా చెప్పండి.

ఇప్పుడు చేతి సంగతి. బర్మింగ్‌హామ్‌లో ఇనుప రేకుల ఫ్యాక్టరీలో పనిచేసే పదిహేడేళ్ళ టోనీ అయోమీకి, తర్వాత బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు అయినవాడికి, అది ఉద్యోగంలో ఆఖరి రోజు. యంత్రం కింద పడి కుడిచేతి రెండు వేళ్ళ చివర్లు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సిన చెయ్యే అది. ఇక గిటార్ వదిలెయ్యమన్నారు. ఫ్యాక్టరీ మేనేజరు ఒకాయన మాత్రం జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. కాలిన చేత్తో రెండు వేళ్ళతోనే సోలోలు వాయించిన మహానుభావుడు ఆయన. అయోమీ గిన్నెలు తోమే సబ్బునీళ్ళ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు అతికించాడు. గట్టి తీగలు నొప్పి పుట్టిస్తాయని సన్న తీగలు వేశాడు. 1971లో మాస్టర్ ఆఫ్ రియాలిటీ ఆల్బం నాటికి శ్రుతి కూడా దించేశాడు. తీగ వదులైతే నొక్కడం సులువు, నాదం చూస్తే ఇంకా లోతుకు దిగింది. హెవీ మెటల్ అని ప్రపంచమంతా అంటున్న ఆ బరువులో ఒక గాయం పాలు చాలానే ఉంది. ఇన్‌టు ది వాయిడ్ మొదటి నిమిషం పెట్టుకుని, ఆ వేళ్ళను తలుచుకుంటూ వినండి.

స్మోక్ ఆన్ ది వాటర్ గురించి నాదొక అప్రియమైన మాట. అది గొప్ప రిఫ్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ పలుకు, గొప్ప పాటేమీ కాదు. ఆ పాట వాయించిన డీప్ పర్పుల్ బృందం గొప్పదనం కావాలంటే చైల్డ్ ఇన్ టైమ్ వినాలి. కానీ దాని వెనక కథ మాత్రం వదలకూడదు. 1971 డిసెంబరు 4న స్విట్జర్లండులోని మాంత్రూలో ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుంటే ప్రేక్షకుల్లో ఎవడో ఫ్లేర్ గన్ పేల్చాడు, కసీనో మొత్తం తగలబడింది. డీప్ పర్పుల్ వాళ్ళు ఆల్బం రికార్డు చేసుకోవాల్సింది అక్కడే. పొగ జెనీవా సరస్సు మీద పరుచుకోవడం వాళ్ళు కళ్ళారా చూశారు. తర్వాత ఒక థియేటర్ దొరికింది, ఈ రిఫ్ రికార్డు చేస్తుంటే మోత భరించలేక ఊరివాళ్ళు పోలీసుల్ని పిలిచారు. పోలీసులు బయట తలుపు బాదుతుంటే, టేక్ పూర్తయ్యేదాకా బృందం సామాను చూసుకునే రోడీలు లోపల్నుంచి తలుపు నొక్కిపట్టుకున్నారు. మిగతా పాటలకు, చలికాలం ఖాళీగా ఉన్న గ్రాండ్ హోటల్ వరండాలో పరుపులు అడ్డం పెట్టుకుని వాయించుకున్నారు. రికార్డయింది వినాలంటే గదులు దాటి, బాల్కనీలు దాటి బయట లారీ దాకా వెళ్ళాలి. ఆ విసుగుతో వినడమే మానేశారట. అలా తయారైన మెషీన్ హెడ్ ఆల్బంలో కచేరీ ఊపు కనబడడానికి అది కూడా ఒక కారణమే అనుకుంటాను.

బొహీమియన్ రాప్సొడీ వాళ్ళకు ఒక్క మాట. 1975లో ఆ గొంతుల్ని ఒకదాని మీద ఒకటి ఎన్నిసార్లు రికార్డు చేశారంటే, టేపు అరిగి వెలుతురు ఇవతలికి కనిపించిందని చెప్తారు. ఆ గొంతుల్లో ప్రధానమైనది పంచ్‌గనీ బోర్డింగ్ స్కూల్లో పియానో వాయించిన ఫరోక్ బుల్సారాది, అంటే క్వీన్ బృందపు ఫ్రెడీ మెర్క్యురీది. అలాగే 1972లో లెడ్ జెప్లిన్ వాళ్ళు జిమ్మీ పేజ్, గాయకుడు రాబర్ట్ ప్లాంట్ బొంబాయి వచ్చి మన సితార్, సారంగి, తబలా కళాకారులతో తమ పాటలు రెండు రికార్డు చేశారు. అధికారికంగా అవి బయటికొచ్చింది 2015లో. వాటిలో ఒకటైన ఫోర్ స్టిక్స్ ఆ బొంబాయి రూపంలో ఎవరైనా అడిగితే సంతోషిస్తాను.

ఒక హెచ్చరిక. 'ఆ రోజులే వేరు, ఇప్పుడు సంగీతమే లేదు' అని ఎవరూ అనకండి. డెబ్భైల్లో చెత్త కూడా దండిగా వచ్చింది. కచేరీల్లో అరగంట డ్రమ్ సోలోలు కూడా ఆ కాలానివే, బోనమ్‌వి అయినా సరే నేను ఆ టైములో టీ తాగడానికి లేచేవాణ్ణి. వెనక వరసలో ఇరవై ఏళ్ళవాళ్ళు నలుగురైదుగురు కూర్చున్నారు. వాళ్ళు ఈ పాటల్ని ఫోన్‌లో, హెడ్‌ఫోన్స్‌తో, మాకంటే శుభ్రంగా విన్నారు. కాబట్టి మాకు క్యాసెట్ గరగరలో వినబడనివి వాళ్ళకు వినబడి ఉంటాయి. అవేమిటో తెలుసుకోవాలని నాకు ఆత్రంగా ఉంది. అందుకే మైకు ముందు వెనక వరసకు ఇస్తున్నాం.

హోటల్ కాలిఫోర్నియా అనుకున్నవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. ఊహించాను. ఇంతమందికి విడివిడిగా వేస్తే ఇవాళ ఇళ్ళకు వెళ్ళం, అందరికీ కలిపి ఒక్కసారే వేస్తాం. నిమిషాలు మాత్రం ఎవరివి వాళ్ళే చెప్పాలి. చివర్లో రెండు గిటార్ల దగ్గర అన్నవాళ్ళు ఆ ఇద్దరు ఈగల్స్ గిటారిస్టుల్లో ఫెల్డర్ ఎవరో, వాల్ష్ ఎవరో కూడా చెప్పాల్సి ఉంటుంది.