విశాఖ నుంచి డాలస్‌కు: దారం పొడవు, దారి పొడవు

ప్రయోక్త: శ్రోతలకు నమస్కారం. మా అక్క ఈ శీతాకాలంలో కూతురి పురిటికి డాలస్ వెళుతోంది. విశాఖ నుంచి దూరం సుమారు 14,400 కిలోమీటర్లని, విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందని తెలుసుకొని, పదహారు గంటల్లో దిగిపోతానని లెక్క వేసుకుంది. టికెట్ ఇచ్చినవారేమో ముప్పై గంటలు పడుతుందన్నారు. ఈ తేడా ఎక్కడిది, మాస్టారూ?

అతిథి: ఆమె భాగహారంలో తప్పు లేదమ్మా. గ్లోబు మీద ఒక కొస విశాఖ దగ్గర, మరో కొస డాలస్ దగ్గర పట్టుకొని దారాన్ని బిగిస్తే వచ్చే పొడవు అది; మహావృత్త దూరమంటాము. నేను భూగోళం చెప్పిన రోజుల్లో పిల్లలచేత ఈ దారం పట్టించేవాణ్ణి. విశాఖ తూర్పు రేఖాంశం 83 డిగ్రీల దగ్గర, డాలస్ పశ్చిమ రేఖాంశం 97 డిగ్రీల దగ్గర ఉన్నాయి. రెండూ కలిపితే 180; అంటే రెండు ఊళ్లూ ధ్రువాల మీదుగా పోయే ఒకే వృత్తం మీద, ధ్రువానికి చెరో వైపున ఉన్నాయి. అందువల్ల ఆ దారం పడమరకు పోనే పోదు. నేరుగా ఉత్తరానికి సాగి, ధవళగిరి పక్కగా హిమాలయాలు దాటి, సైబీరియాలోని నోవోసిబిర్స్క్ మీదుగా ఉత్తర ధ్రువాన్ని దాదాపు తాకి, అవతల కెనడాలోని విన్నిపెగ్ మీదుగా డాలస్‌కు దిగుతుంది.

ప్రయోక్త: మరి ఆ దారిన ఎందుకు తీసుకుపోరు?

అతిథి: విశాఖ నుంచి అమెరికాకు నేరుగా విమానమే లేదు. ఉన్నా, టిబెట్ మీదుగా పోవడానికి వెనుకాడతారు. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే 10,000 అడుగులకు, అంటే సుమారు 3,000 మీటర్లకు దిగవలసి ఉంటుంది. అక్కడ నేలే 4,500 మీటర్ల ఎత్తున ఉంటే ఎక్కడికి దిగుతుంది?

ప్రయోక్త: అక్క టికెట్ హైదరాబాదు, దుబాయి మీదుగా ఉంది.

అతిథి: హైదరాబాదుకు 510, అక్కడి నుంచి దుబాయికి 2,550, ఆపైన డాలస్‌కు 12,900 కిలోమీటర్లు. మొత్తం దాదాపు 16,000. గాలిలో ఉండేది ఇరవై ఒకటి, ఇరవై రెండు గంటలు; మిగిలినదంతా విమానాశ్రయాల్లో నిరీక్షణే. తిరుగు ప్రయాణంలో చాలా ఎత్తున పడమటి నుంచి వేగంగా వీచే జెట్ స్ట్రీమ్ అనే గాలి వెనుక నుంచి తోస్తుంది కనుక కొంత సమయం కలిసివస్తుంది.

ప్రయోక్త: కానీ టికెట్ మీద సోమవారం ఉదయం ఆరింటికి బయలుదేరి ఆ అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు చేరుతుందని ఉంది. అది పద్దెనిమిదిన్నర గంటలేగా?

అతిథి: అవి రెండు ఊళ్ల గడియారాలమ్మా. చలికాలంలో డాలస్ మనకన్నా పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది. అవి కలిపితే సరిగ్గా ముప్పై. అదే ముప్పై గంటలు తిరుగు టికెట్ మీద నలభై ఒకటిన్నరలా కనబడి ఆమెను బెదరగొడుతుంది. విమానాశ్రయానికి రావలసిన కూతురికి డాలస్ గడియారం చెప్పమనండి. మందులు, తినుబండారాలు మాత్రం ముప్పై గంటలకు సరిపడా చేతిసంచిలోనే పెట్టుకోమనండి.