దశాంశాల్లో ఒకట్ల స్థానం

అందరికీ నమస్కారం. ఈ సభలో ఎక్కువమంది ఐదు, ఆరు తరగతులకు లెక్కలు చెప్పేవాళ్లు, మిగతావాళ్లు ఆ పిల్లల అమ్మానాన్నలు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

0.4, 0.35 ఈ రెండింటిలో ఏది పెద్దది అని అడిగితే చాలామంది పిల్లలు 0.35 అంటారు. నాలుగు కంటే ముప్పై అయిదు పెద్దది కదా! అది అజాగ్రత్త కాదండీ. అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదని ఒకటో తరగతి నుంచి వాళ్లకు అలవాటైంది. పూర్ణసంఖ్యల్లో అది నిజమే. బిందువు దాటాక ఆ నియమం చెల్లదు. పైగా మనమే దాన్ని ‘పాయింట్ ముప్పై అయిదు’ అని చదువుతాం. ‘పాయింట్ మూడు అయిదు’ అని చదవడం ఈరోజు నుంచే మొదలుపెట్టవచ్చు.

రెండో రకం పిల్లలు ఇంకా జాగ్రత్తగా చూడాల్సినవాళ్లు. వాళ్లు 0.4 పెద్దదని సరిగ్గానే చెబుతారు, మనం టిక్కు పెట్టేస్తాం. కానీ 0.3, 0.45 ఇస్తే 0.3 పెద్దదంటారు. వందో వంతులు చిన్నవి కాబట్టి ఆ సంఖ్యా చిన్నదే అనుకుంటారు. మార్కులు వస్తూనే ఉంటాయి, లోపల తప్పు అలాగే ఉండిపోతుంది.

మనలో చాలామంది దశాంశాలను రూపాయలు, పైసలతో మొదలుపెడతాం. నేను దాన్ని ఒప్పుకోను. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయాపైసలు వచ్చాయి. అంతకుముందు 16 అణాలు. ఆ మార్పు చూసినవాళ్లకు పైసా నిజంగా చేతిలో ఉన్న వందో వంతు. 25 పైసలు, అంతకు తక్కువ నాణేల చెలామణి 2011 జూన్ 30తో ఆగిపోయింది. ఇప్పటి హైదరాబాదు పిల్లలు ఫోనుతో స్కాన్ చేయడం చూస్తున్నారు గానీ పది పైసల బిళ్లను పట్టుకోలేదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. 12.50ని పన్నెండు రూపాయలు, యాభై పైసలు అని విడివిడిగా చదివితే బిందువు రెండు లెక్కల మధ్య గోడలా కనిపిస్తుంది. అలా నేర్చుకున్న పిల్ల అయిదు పైసలను 0.5 అని రాస్తే ఆశ్చర్యమేముంది?

ఉప్పల్ స్టేడియం స్కోరుబోర్డు మీద 4.3 ఓవర్లు అన్నదీ అంతే. అది నాలుగున్నర ఓవర్లు. 4.5 తర్వాత ఇంకో బంతి పడితే 5 అవుతుంది. ఇది దశాంశం కాదని తరగతిలో విడమరచి చెప్పాలి, ఎందుకంటే పిల్లలు పుస్తకంలోని దశాంశాల కంటే దీన్నే ఎక్కువ చూస్తారు.

నా మాట వింటే పొడవుతో మొదలుపెట్టండి. మీటరు పొడవు కాగితపు పట్టీ ఒకటి. అందులో పదో వంతు 10 సెంటీమీటర్లు, వందో వంతు ఒక సెంటీమీటరు, వెయ్యో వంతు ఒక మిల్లీమీటరు. 0.4కు నాలుగు పెద్ద ముక్కలు, 0.35కు మూడు పెద్దవి, అయిదు చిన్నవి. పక్కపక్కన పెడితే 5 సెంటీమీటర్ల తేడా కంటికే తెలుస్తుంది. 0.4, 0.40 పొడవు ఒకటేనని కూడా పిల్లలే కనిపెడతారు.

అప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు: “సార్, పదులకు పదో వంతులున్నాయి, వందలకు వందో వంతులున్నాయి. మరి ఒకట్లకు జత ఏది?” ఈ ప్రశ్న వచ్చిందంటే పాఠం అందుతున్నట్టే. జత లేదు, ఎందుకంటే మధ్యలో ఉన్నది ఒకట్ల స్థానమే. బిందువు ఆ స్థానం ఎక్కడుందో చూపించే గుర్తు మాత్రమే. ‘స్థానాత్ స్థానం దశగుణం స్యాత్’ అని ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో చెప్పాడు: ఎడమకు ఒక్కో స్థానం జరిగితే పదింతలు. అదే నియమంతో కుడికి జరిగితే పదో వంతు. 1585లో సైమన్ స్టెవిన్ యూరప్‌లో దశాంశాలను ప్రచారం చేసినప్పుడు బిందువే వాడలేదు. ఒకట్లకు సున్నా, పదో వంతులకు 1, వందో వంతులకు 2, ఇలా వలయాల్లో గుర్తులు పెట్టాడు. సున్నా ఒకట్లకే దక్కింది చూడండి!

ఇది అర్థమైతే పదితో గుణించడానికి ‘సున్నా చేర్చు’ అనే సూత్రంతో పని ఉండదు. 3.5కు సున్నా చేరిస్తే 3.50, విలువ మారదు. అంకెలన్నీ ఒక స్థానం ఎడమకు జరగాలి, అప్పుడు 35.

రేపు తరగతిలో 0.45, 0.3, 0.405 రాసి, చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చమనండి. 0.3, 0.45, 0.405 అని రాసినవాళ్లు అంకెలు లెక్కపెడుతున్నారు. 0.405, 0.45, 0.3 అని రాసినవాళ్లు ఎక్కువ అంకెలుంటే చిన్నదనుకుంటున్నారు. 0.3, 0.405, 0.45 అని రాసినవాళ్లను కారణం అడగండి, 0.405లో ఆ సున్నా ఏం చేస్తోందో వాళ్ల నోటితోనే చెప్పించండి.