పరభృత చేప: టాంగన్యికా క్యాట్‌ఫిష్‌లను ఇంటి అక్వేరియంలో పెంచి పిల్లలు తీయించడం

[దృశ్యం: రాళ్ల చాటున కదలకుండా నిలిచిన ఆడ సిక్లిడ్ చేప. దాని గొంతు కింది భాగం ఉబ్బి ఉంది.]

ఈ తల్లి చేప దాదాపు మూడు వారాలుగా నోరు మూసుకుని ఉపవాసం ఉంటోంది. సిక్లిడ్ అనే చేపల కుటుంబంలో, గుడ్లను, పిల్లలను నోటిలోనే దాచి కాపాడుకునే జాతి ఇది. ఇప్పుడు నోరు తెరిచింది. బయటికి వచ్చినవి మాత్రం దాని పిల్లలు కావు. మీసాలతో, చుక్కలతో ఉన్న క్యాట్‌ఫిష్ పిల్లలు. తల్లి సొంత పిల్లలను ఇవి ఆ నోటిలోనే తినేశాయి.

కాకి గూటిలో పెరిగే కోకిలను మన కావ్యాలు పరభృతమన్నాయి. పరుల పోషణలో పెరిగినదని దాని అర్థం. ఈ చేపకు అంతకంటే తగిన పేరు దొరకదు. శాస్త్రీయంగా దీని పేరు సైనోడాంటిస్ మల్టీపంక్టేటస్. ఇది సిక్లిడ్ల నోటిలో పరాన్నజీవిగా పెరుగుతుందని 1986లో జపాన్ శాస్త్రవేత్త తెత్సు సాటో నేచర్ పత్రికలో వెల్లడించారు. సంతానాన్ని తప్పనిసరిగా పరుల పాలుచేసే వెన్నెముక జీవులలో, పక్షులను మినహాయిస్తే, ఇప్పటివరకు తెలిసినది ఇదొక్కటే.

[దృశ్యం: మధ్య, తూర్పు ఆఫ్రికా పటం. టాంగన్యికా సరస్సు.]

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అనగానే చాలామందికి మీటరుకు మించి పెరిగే క్లారియాస్ గుర్తుకు వస్తుంది. దానిని ఇంటి తొట్టిలో ఉంచాలనుకోవడం అవివేకం. మనం మాట్లాడుకుంటున్నవి బురుండి, కాంగో, టాంజానియా, జాంబియా దేశాల మధ్య విస్తరించి, సుమారు 1,470 మీటర్ల వరకు లోతున్న టాంగన్యికా సరస్సులోని సైనోడాంటిస్ అనే ప్రజాతికి చెందిన క్యాట్‌ఫిష్‌లు. ఆ నీరు క్షారగుణం కలది, ఖనిజాలు నిండినది. అందువల్ల తొట్టిలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8కి పైన, ఉష్ణోగ్రత 24 నుండి 27 డిగ్రీల మధ్య ఉండాలి. నలిగిన పగడపు ముక్కలో, సున్నపు ఇసుకో అడుగున పరిస్తే పీహెచ్ నిలకడగా ఉంటుంది. కాంగో నదిలోని మెత్తని నీటికి అలవాటుపడిన సైనోడాంటిస్ జాతులను, పేరు కలిసిందన్న కారణంతో, ఈ తొట్టిలో చేర్చకూడదు.

క్షారజలంలో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. పీహెచ్ పెరిగినకొద్దీ, చేపల విసర్జనతో నీటిలో చేరే మొత్తం అమోనియాలో విషపూరితమైన రూపం వాటా పెరుగుతుంది కనుక, ఆమ్ల నీటిలో చేపలు తట్టుకోగలిగిన మోతాదే ఇక్కడ ప్రాణాంతకం కావచ్చు. అందుకే ఫిల్టర్‌లో అమోనియాను మార్చివేసే బాక్టీరియా పూర్తిగా స్థిరపడకముందు ఈ చేపలను తొట్టిలోకి దింపవద్దు.

చేపలను ఒక తొట్టి నుండి మరొక తొట్టికి మార్చేటప్పుడు వల వాడకండి. వీటి వీపు ముల్లు, పక్క రెక్కల ముళ్లు నిటారుగా బిగుసుకుని వల దారాలలో చిక్కుకుంటాయి. వాటిని విడదీయబోతే చేపకూ గాయమే, చేతికీ గాయమే. ప్లాస్టిక్ గిన్నెతో తోడుకోవడం మేలు. పట్టుకున్నప్పుడు కీచుమని శబ్దం వస్తే కంగారుపడనక్కరలేదు. పక్క ముళ్లను కీలులో రాపిడి చేసి అవి ఆ శబ్దం పుట్టిస్తాయి.

[దృశ్యం: రెండు చేపల రెక్కల మొదళ్లు దగ్గరగా.]

పిల్లలు తీయించే ముందు మన దగ్గరున్నది ఏ జాతో తేల్చుకోవాలి. 2006లో రైట్, పేజ్ అనే శాస్త్రవేత్తలు ఈ సరస్సులోని సైనోడాంటిస్‌లను సమీక్షించి మూడు కొత్త జాతులను వర్ణించారు. వాటిలో ఒకటైన లూసిపిన్నిస్ అంతకుముందు పెట్రికోలా అనే మరో సైనోడాంటిస్ జాతి పేరుతోనే అమ్ముడవుతూ ఉండేది. రెక్కల మొదట్లో లేత రంగు మచ్చ ఉంటే అది లూసిపిన్నిస్. ఇంతకంటే పెద్ద చిక్కు హార్మోన్ ఇంజెక్షన్లతో పుట్టించిన సంకర చేపలు. అవి అసలు జాతుల పేర్లతోనే మార్కెట్లో తిరుగుతున్నాయి. మూలం చెప్పలేని చేప ఎంత అందంగా ఉన్నా దానిని జత కట్టించకపోవడమే సరైనదని నా అభిప్రాయం.

లూసిపిన్నిస్ గుడ్లను చల్లి వెళ్లిపోతుంది, ఆపైన తానే వాటిని తింటుంది. కనుక గోళీలు నింపిన మట్టి పాత్రను గుహలాంటి చీకటి చోట ఉంచితే, గుడ్లు గోళీల సందుల్లోకి జారి పెద్ద చేపల నోటికి అందకుండా ఉంటాయి. వాటిని స్పాంజ్ ఫిల్టర్ ఉన్న చిన్న తొట్టికి మార్చాలి. పిల్లలు పచ్చసొన సంచిని వాడుకున్నాక అప్పుడే పొదిగిన ఆర్టీమియా అనే అతిచిన్న ఉప్పునీటి రొయ్యలను అందించాలి.

[దృశ్యం: జత కట్టే సిక్లిడ్ల చుట్టూ దూసుకుపోతున్న చుక్కల చేపలు.]

మల్టీపంక్టేటస్‌కు గోళీలతో పనిలేదు, ఆతిథ్యమిచ్చే సిక్లిడ్ కావాలి. సిక్లిడ్ల జంట గుడ్లు పెడుతున్న క్షణంలో క్యాట్‌ఫిష్‌లు మధ్యలోకి చొరబడి కొన్ని గుడ్లను మింగి తమ గుడ్లను విడుస్తాయి. ఆ గందరగోళంలో తల్లి సిక్లిడ్ తన గుడ్లతోపాటు వాటినీ నోటిలోకి తీసుకుంటుంది. క్యాట్‌ఫిష్ గుడ్లు ముందుగా పొదగబడతాయి. మిగతా కథ మీరు మొదట్లోనే చూశారు.

ఏ సిక్లిడ్‌ను ఎంచుకోవాలన్న ప్రశ్నకు 2018లో చెక్ పరిశోధకులు సైన్స్ అడ్వాన్సెస్‌లో ప్రచురించిన ప్రయోగాలు సమాధానమిస్తాయి. ఈ మోసంతో తరతరాల పరిచయమున్న టాంగన్యికా సిక్లిడ్లు, ఆ పరిచయం లేని ఇతర ప్రాంతాల సిక్లిడ్ల కంటే 3 నుండి 11 రెట్లు తక్కువగా దీనికి లోనయ్యాయి. పెంపకందారులు ఆ పరిచయం లేని మలావి సరస్సు సిక్లిడ్లను ఈ పనికి వాడటంలోని ఔచిత్యం ఇక్కడే ఉంది. కనీసం 120 సెంటీమీటర్ల పొడవున్న తొట్టిలో, ఒక మగకు పలు ఆడ సిక్లిడ్లను కూర్చి, ఆరేడు క్యాట్‌ఫిష్‌లను కలిపి ఉంచి, అవి పక్వానికి వచ్చేదాకా ఓపిక పట్టాలి.

నోరు నిండిన తల్లిని గమనించిన తరువాత వేరే తొట్టిలోకి మార్చండి. పిల్లలను బయటికి వదిలాక పరిమాణం ప్రకారం విడదీయండి; ఆకలిగొన్న పెద్ద పిల్ల చిన్నదాన్ని వదలదు. ఇక ఆ సిక్లిడ్‌ను వెంటనే గుంపులో కలపవద్దు. ఇన్ని రోజుల ఉపవాసంతో చిక్కిపోయిన ఆ తల్లిని మగ చేప తరిమితే కోలుకోలేదు. కనుక కొన్ని రోజులు ఒంటరిగా ఉంచి, కడుపు నిండా మేపి, ఒంటికి కండ పట్టాకే పాత తొట్టికి పంపండి.