తెంగు మొదట పక్షే

వేదిక మీది పెద్దలకు, సభకు నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, మన్నించాలి.

జపాన్ కొండల్లో తిరిగే తెంగు అనే భూతం గురించి మాట్లాడమన్నారు. బయట బ్యానరు చూశాను. ఎర్ర మొహం, మూరెడు ముక్కు. అందరూ అదే వేస్తారు. నా తగువంతా ఆ ముక్కుతోనే! అది తర్వాత వచ్చి చేరింది. తెంగు మొదట గద్ద. పొడుగు ముక్కు వాడుకలో స్థిరపడ్డాక కూడా, 1776లో చిత్రకారుడు తొరియామా సెకియెన్ తన భూతాల బొమ్మల పుస్తకంలో చెట్టు మీద వాలిన పక్షినే వేశాడు.

12వ శతాబ్దపు జపాన్ కథల సంపుటి 'కొంజాకు'లో ఇరవయ్యో భాగం తీయండి. దైగో చక్రవర్తి కాలం. క్యోటోలో కాయలు కాయని పెర్సిమన్ చెట్టు మీద ఉన్నట్టుండి బుద్ధుడు వెలిశాడు. వెలుగులు, పూలవాన. ఊరంతా ఎగబడింది. మంత్రి మినమొతో నో హికారుకి మాత్రం నమ్మకం కుదరలేదు. బుద్ధుడికి చెట్టెక్కే పనేమిటి? ఇలాంటి మాయ ఏడు రోజులు దాటదని ఆయన లెక్క. కొలువు దుస్తులు వేసుకుని బండిలో వెళ్లి, రెప్ప వేయకుండా అటే చూస్తూ కూర్చున్నాడు. వెనక వరస పిల్లలూ, ఇది వినండి! మంత్రం లేదు, తాయెత్తు లేదు. చూడటం, అంతే. ఆ దొంగ బుద్ధుడి వేషంలోని తెంగు కాసేపు పూలు కురిపించి, వెలుగులు చిమ్మి, ఇక ఆగలేక రెక్క విరిగిన గద్దయి నేల మీద పడి కొట్టుకుంది. కుర్రాళ్లు చేరి చావగొట్టారు. ఆనాటి తెంగు పని ఇదే, భక్తుల్ని బురిడీ కొట్టించడం, దొరికిపోవడం.

చీటీ వచ్చింది, తొందరగా చెప్పేస్తాను. కొండల్లో తపస్సు చేసే యమబుషి సాధువుల వేషం తర్వాత దీనికి అంటుకుంది. బొమ్మలో నుదుటి మీద చిన్న నల్ల టోపీ, కాళ్లకు ఒంటి పన్ను పావుకోళ్లు, చేతిలో ఈకల విసనకర్ర ఉన్నాయేమో చూడండి. ఉత్త ముక్కు చూసి తేల్చేస్తే బోల్తా పడతారు. జపాన్ సొంత మతమైన షింతో ఊరేగింపులో ముందు నడిచే సరుతహికో దేవుడి ముసుగుకీ అదే ముక్కు, అదే ఎరుపు.

టోక్యోలో 599 మీటర్ల తకావో కొండ మీద, యకువో-ఇన్ గుడిలో రెండు రకాల తెంగులూ ఉన్నాయి, పొడుగు ముక్కుది, పక్షి ముక్కుది. ఆ రెండోదాని పోలికలు మన గరుత్మంతుడివే అంటారు. బౌద్ధంతో జపాన్ చేరి ఆయన 'కరుర' అయ్యాడు. నారాలోని కొఫుకుజి గుడిలో 734 నాటి కరుర విగ్రహం ఉంది, పక్షి తల, ఒంటి మీద కవచం. దాని ఫోటో పక్కన ఆ పక్షి ముక్కు తెంగు బొమ్మ పెట్టి చూడండి. ప్రశ్నలుంటే బయట టీ దగ్గర అడగండి, సెలవు.