డార్క్‌టేబుల్‌తో రా ఫొటోకు ఫిల్మ్ లుక్ వస్తుందా? పెళ్లి ఫొటోపై రివ్యూ

నమస్కారం. రా ఫొటోలకు, అంటే కెమెరా సెన్సర్ నుంచి మార్పులేవీ చేయకుండా నేరుగా వచ్చే ఫైళ్లకు, ఫిల్మ్ లుక్ తేవడంలో డార్క్‌టేబుల్ ఎంతవరకు పనికొస్తుందో ఈ వీడియోలో పరిశీలిద్దాం. ఇది 2009 నుంచి అందుబాటులో ఉన్న, ఫొటోలను సవరించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఉచితంగా పనిచేస్తుంది. నేను ఇక్కడ వాడుతున్నది 2024 డిసెంబరులో విడుదలైన 5.0 వెర్షన్.

పరీక్షకు ఎంచుకున్న ఫొటో మీ తెరపై ఉంది. తలంబ్రాల వేళ తీసిన ఈ ఫొటోలో పెళ్లికూతురు మధుపర్కాల్లో ఉంది: ఎర్ర అంచు తెల్లచీర, పసుపు రాసిన చేతులు, దోసిట్లో పసుపు బియ్యం, నుదుట బాసికం, భుజం వెనుక నుంచి కళ్లు చెదిరేలా వీడియో లైటు. గ్రేడింగ్, అంటే రంగులు, వెలుగుల సవరణ ఏమాత్రం అదుపు తప్పినా తెలుపు మాడిపోతుంది, ఎరుపు అలికినట్టవుతుంది, పసుపు ఆకుపచ్చ వైపు తిరుగుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ బలాబలాలు తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి ఫొటో దొరకదు.

ముందుగా ఫిల్మ్ లుక్ అంటే ఏమిటో తేల్చుకోవాలి. నీడల్లో నీలి ఆకుపచ్చ, ముఖాల్లో నారింజ నింపే టీల్ అండ్ ఆరెంజ్ ప్రీసెట్లనే (ముందే సిద్ధం చేసి ఉంచిన సెట్టింగులనే) చాలామంది ఫిల్మ్ లుక్‌గా అమ్ముతున్నారు, కొనేవారూ అలాగే నమ్ముతున్నారు. అసలు ఫిల్మ్ రోజుల్లో ఆ రంగుల విభజనకు అంత సులువైన దారే లేదు. మన సినిమాల ప్రింట్లు చెన్నైలోని ప్రసాద్, జెమిని వంటి ల్యాబుల్లో తయారైన కాలంలో గ్రేడర్ చేతిలో ప్రధానంగా ఉన్నవి, ప్రింట్ తీసేటప్పుడు నెగెటివ్ గుండా పంపే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు ప్రింటర్ లైట్లు. ఒక్కొక్క లైటును 50 పాయింట్ల కొలతపై పెంచడం, తగ్గించడం వల్ల షాట్ మొత్తం రంగు ఒక వైపుకు ఒరిగేది తప్ప, నీడలకు ఒక రంగు, వెలుగులకు ఇంకో రంగు విడివిడిగా వేయడం కుదిరేది కాదు. ఆ సౌలభ్యం నెగెటివ్‌ను స్కాన్ చేసి కంప్యూటర్‌లో గ్రేడింగ్ చేయడం మొదలయ్యాక వచ్చింది. కాబట్టి ఫిల్మ్ లుక్ కోసం నేను మొదట చూసేది రంగును కాదు, వెలుగు తెలుపులోకి ఎలా కరుగుతుందన్నదాన్ని.

ఫిల్మ్ మీద ఎంత కాంతి పడితే ఎంత సాంద్రత (నలుపు చిక్కదనం) వస్తుందో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లోనే గీత గీసి చూపించారు. ఆ గీత కింది కొసన నెమ్మదిగా మొదలై, మధ్యలో నిటారుగా లేచి, పైన మళ్లీ వంగిపోతుంది. కెమెరా సెన్సర్‌కు ఆ పై వంపు లేదు. 14 బిట్ల రా ఫైల్‌లో ఒక్కో రంగుకు 16,384 మెట్లు ఉంటాయి గానీ, చివరి మెట్టు దాటిన కాంతి ఒక్కసారిగా తెగిపోతుంది; మెత్తగా ముగియదు. అందువల్ల తీసేటప్పుడే వెలుగులు తెగిపోకుండా ఎక్స్‌పోజర్‌ను, అంటే సెన్సర్‌పై పడే కాంతిని కాస్త తగ్గించి, ఆ పై వంపును తరువాత సాఫ్ట్‌వేర్‌లో గీసుకోవాలి. కెమెరా తానే సవరించి, కుదించి ఇచ్చే 8 బిట్ల జేపెగ్‌లో ఒక్కో రంగుకు ఉన్నవి 256 మెట్లే కాబట్టి, దానిపై ఇంత పని చేస్తే ఆకాశంలోనూ గోడల మీదా చారలు బయటపడతాయి.

ఇప్పుడు డార్క్‌టేబుల్‌లోకి వెళ్దాం. ఇందులో ఒక్కో సవరణకు ఒక్కో మాడ్యూల్ ఉంటుంది. ముందు ఎక్స్‌పోజర్ మాడ్యూల్‌లో ముఖం సరైన వెలుగుకు వచ్చేదాకా పెంచాను. ఈ దశలో చీర మాడినట్టు కనిపించినా కంగారు పడనక్కరలేదు, ఎందుకంటే లోపల లెక్కల్లో ఆ వెలుగు సమాచారం భద్రంగానే ఉంటుంది. ఆ వెలుగును తెరకు సరిపడేలా ఒదిగించేది సిగ్మాయిడ్ మాడ్యూల్. దీని కాంట్రాస్ట్ మామూలుగా 1.5 దగ్గర ఉంటుంది, నేను 1.7 చేశాను. భుజం దగ్గర చీర మడతలను దగ్గరగా చూడండి: ఇంతకుముందు తెల్లటి మరకలా ఉన్న చోట ఇప్పుడు నేత కనిపిస్తోంది, లైటు తగిలిన అంచు మాత్రం నెమ్మదిగా తెలుపులో కలిసిపోతోంది. ఈ వీడియోలో ఒక్క మాడ్యూల్‌కే మార్కులు వేయమంటే సిగ్మాయిడ్‌కే వేస్తాను.

ఇందులోనే ప్రిజర్వ్ హ్యూ అనే స్లైడరు ఉంది, దీన్ని చాలామంది ముట్టుకోరు. ఇది 100 శాతంలో ఉన్నప్పుడు రంగు తన జాతిని వదలదు. తగ్గించే కొద్దీ బాగా వెలుగు పడిన ఎరుపు నారింజ మీదుగా పసుపు వైపు జారుతుంది. దీపం మంటకు, వీధి దీపాలకు ఆ జారుడు చాలా అందాన్నిస్తుంది, ఫిల్మ్‌పై మనం చూసిన వెచ్చదనం కూడా అదే. అయితే ఈ ఫొటోలో స్లైడరును సున్నాకు తెచ్చేసరికి వెలుగు తగిలిన చోట చీర అంచు నారింజ రంగైపోయింది, కుంకుమ కూడా సింధూరంలా మారింది. పెళ్లి ఫొటోలో అది ఒప్పుకోదగిన మార్పు కాదు. అందుకే 60 దగ్గర ఆపాను.

తరువాతది కలర్ బ్యాలెన్స్ ఆర్‌జీబీ. ఫిల్మ్‌లో రంగు ఏర్పడేది అద్దకాల పొరల వల్ల. రంగు చిక్కబడిన కొద్దీ ఆ పొర కాంతిని ఎక్కువగా అడ్డుకుంటుంది కాబట్టి గాఢమైన రంగు కాస్త ముదురుగానూ ఉంటుంది. డిజిటల్‌లో శాచురేషన్ (రంగు గాఢత) పెంచితే మాత్రం రంగు నియాన్ బోర్డులా మెరవడం మనందరికీ తెలిసిందే. ఈ మాడ్యూల్‌లో శాచురేషన్‌ను కొద్దిగా పెంచి, బ్రిలియన్స్‌ను (రంగు వెలుగును) ఆ మేరకు తగ్గిస్తే ఎర్ర అంచు అద్దకం పట్టిన నూలులా దిగి కూర్చుంది. ఇదే మాడ్యూల్‌లోని ఫోర్ వేస్ ట్యాబ్‌లో నీడలకు విడిగా రంగు ఇవ్వవచ్చు. నేను అతి స్వల్పంగా నీలి ఆకుపచ్చ కలిపాను; మండపం వెనుక చీకటి చల్లబడింది, చర్మం జోలికి రంగు రాలేదు. ఇక్కడ చేయి ఆగకపోతే పెళ్లికూతురి మెడ కింద నీడ జబ్బుపడినట్టు పాలిపోతుంది. చామనఛాయ ముఖాల్లో మెడ, దవడ నీడలు ముదురుగా ఉండటం వల్ల నీడల్లో పోసిన టీల్ ముందుగా పాడుచేసేది వాటినే, పాశ్చాత్య ముఖాలను చూసి చేసిన ప్రీసెట్లు మన పెళ్లి ఫొటోలపై బెడిసికొట్టేదీ అందుకే.

పసుపు బియ్యం లైటు కింద నిమ్మకాయ రంగుకు తిరిగింది కాబట్టి, 2024లో 4.8 వెర్షన్‌తో వచ్చిన కలర్ ఈక్వలైజర్‌లో పసుపును కొద్దిగా నారింజ వైపు జరిపాను. పని అయిపోయింది.

ఫిల్మ్ రేణువులను అనుకరించే గ్రెయిన్ మాడ్యూల్ విషయంలో నాకు సగం సంతృప్తే. ఇది రేణువులను వెలుగు విలువపై మాత్రమే చల్లుతుంది, అసలు కలర్ ఫిల్మ్‌లో ఉండే సూక్ష్మమైన రంగుల తేడా ఇందులో ఉండదు; బ్లాక్ అండ్ వైట్‌కు బాగుంటుంది. హేలేషన్, అంటే కాంతి ఫిల్మ్ పొరలను దాటి అడుగు నుంచి తిరిగి కొట్టడం వల్ల దీపాల చుట్టూ కనిపించే ఎర్రటి జీర కోసం ఈ వెర్షన్‌లో ప్రత్యేక మాడ్యూల్ లేదు. డిఫ్యూజ్ ఆర్ షార్పెన్‌లోని బ్లూమ్ ప్రీసెట్ వెలుగును మెత్తగా వ్యాపింపజేస్తుంది గానీ, ఎర్రదనం ఇవ్వదు, పైగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌ను నత్తనడక నడిపిస్తుంది.

అసలు ఇబ్బంది మరొకటుంది. ఒకే పని చేసే మాడ్యూళ్లు రెండు మూడు ఉండటం వల్ల కొత్తవారు సిగ్మాయిడ్, అదే పని చేసే ఫిల్మిక్ రెండూ ఒకేసారి ఆన్ చేసి, ఫొటో బూడిద రంగులోకి మారితే సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటారు. ఈ రెండింటిలో ఒకటే ఉండాలి. అడోబీ వారి ఫొటో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో 2020 అక్టోబరులో స్ప్లిట్ టోనింగ్ (నీడలకు, వెలుగులకు వేర్వేరు రంగులిచ్చే పాత ప్యానెల్) స్థానంలో వచ్చిన కలర్ గ్రేడింగ్ ప్యానెల్ ఇంతకంటే చాలా సూటిగా ఉంటుంది, చేయి తిరగడానికి సమయం పట్టదు. వారానికి రెండు పెళ్లిళ్లు చేసి, ఆల్బమ్ త్వరగా ఇవ్వాల్సిన స్టూడియోలు దానికి చందా కట్టుకోవడమే మంచిది. తీరిక ఉండి, వెలుగు వంపును చేత్తో మలచాలనుకునేవారికి మాత్రం నేను డార్క్‌టేబుల్‌నే సూచిస్తాను.

చివరగా, ఈ గ్రేడ్‌ను ఇతర ఫొటోలకూ వేసుకునేలా స్టైల్‌గా దాచుకునేటప్పుడు ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, కలర్ కాలిబ్రేషన్‌ల టిక్కులు తీసేయండి. మండపంలో వీడియో లైటు కింద తీసిన ఫొటోకు సరిపోయిన ఆ విలువలు ఆరుబయట పగటి వెలుగులో తీసిన అప్పగింతల ఫొటోలకు సరిపోవు. వాటిని ఒక్కో వెలుగుకు విడిగా సరిచేసుకున్నాకే స్టైల్ వేయాలి.