ఊబకాయానికి శస్త్రచికిత్స: ఇంటివాళ్లు తెలుసుకోవలసినది

సభకు నమస్కారం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. ఇంతమందిని పట్టి పీడిస్తున్న సమస్యను మనం ఇప్పటికీ ‘నోరు కట్టుకోలేరు’ అన్న ఒక్క మాటతో తీసిపారేస్తున్నాం. ఆ మాట అన్యాయమైనది.

బరువు తగ్గుతున్నకొద్దీ శరీరం శక్తిని పొదుపుగా వాడటం మొదలుపెడుతుంది, గ్రెలిన్ అనే ఆకలి హార్మోను పెరుగుతుంది. అందుకే నెలల తరబడి రాత్రి అన్నం మాని పుల్కాలతో సరిపెట్టుకున్నవారు కూడా చాలాసార్లు మళ్లీ మొదటి బరువుకే చేరుకుంటారు. ఊబకాయానికి చేసే శస్త్రచికిత్సల్లో ఒకటైన స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయాన్ని సుమారు 75 నుంచి 80 శాతం తొలగించినప్పుడు, గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా పోతుంది కనుక, పట్టే తిండితోపాటు ఆకలే తగ్గుతుంది. మరో పద్ధతి బైపాస్; ఇది గుండెకు చేసేది కాదు, జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి నేరుగా చిన్నపేగుకు కలిపే ఆపరేషన్. దాని తర్వాత చాలామందిలో బరువు అంతగా తగ్గకముందే చక్కెర అదుపులోకి వస్తుంది. స్వీడన్‌లో 1987లో మొదలై సుమారు 4,000 మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం, ఊబకాయానికి శస్త్రచికిత్స పొందినవారిలో మరణాలు తగ్గాయని 2007లో తెలిపింది. మనవాళ్లకు తక్కువ బరువులోనే మధుమేహం వస్తుంది కాబట్టి, 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆసియావారికి బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తుతో పోల్చి బరువును చూపే కొలత) 27.5 నుంచే ఈ చికిత్సను పరిశీలించవచ్చన్నాయి.

అసలు కష్టం ఇంటికొచ్చాక ఎదురవుతుంది. మొదట్లో పలుచని మజ్జిగ, వడగట్టిన పప్పుకట్టు గుక్క గుక్కగా తాగాలి. ఆ తర్వాత కూడా గుడ్డు, పప్పు, పెరుగు ముందు తిని, చోటుంటేనే అన్నం రెండు ముద్దలు తినాలి, మంచినీళ్లు భోజనం మధ్యలో తాగకూడదు. మారు వడ్డించడమే మర్యాద అనుకునే మన ఇళ్లలో ఇది ఎంత కష్టమో చూడండి: ‘ఇదేం తిండి వదినా, ఈ ఒక్క గరిటె’ అంటూ విస్తట్లో పులిహోర పడుతుంది, మొహమాటానికి తిన్న ఆ నాలుగు మెతుకులు ఛాతీలో పట్టేసినట్టయి ఆమె చేయి కడుక్కునే చోటికి పరుగెత్తుతుంది. ఆప్యాయత చూపాలనుకుంటే దయచేసి గరిటె పక్కన పెట్టండి.

ప్రమాదాలు లేవని నేను చెప్పను. కుట్ల దగ్గర లీకు కావడం, రక్తం గడ్డకట్టడం అరుదే అయినా ప్రాణాంతకం కాగలవు. జుట్టు రాలుతుంది, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు, కొందరికి కొన్నేళ్లకు కొంత బరువు తిరిగి వస్తుంది. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతం అవసరం. బరువు తగ్గిందని చాలించుకుంటే రక్తహీనత, నరాల జబ్బు రావచ్చు.

పెళ్లయిన అమ్మాయిల విషయంలో మరొకటి చెప్పాలి. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలని వైద్యులు చెబుతారు. ఆ గడువులో ‘విశేషమేమైనా ఉందా’ అని నెలనెలా అడిగే అత్తగారికీ, భర్తకూ ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే, ఆమె పక్కన ఉండగా, వైద్యుడి నోటనే వినిపించండి.