పాత కారుకు ఎంత గాలి పెట్టాలి?

అందరికీ నమస్కారం.

ఆదివారం పొద్దున్నే షెడ్లలోంచి బండ్లు తీసి, వాటిలోనే ఇక్కడిదాకా వచ్చారు. బయట వరసగా అంబాసిడర్లు, పద్మినీలు, హెరాల్డు, చెట్టు కింద ఒక బీటిల్. చూస్తుంటే కడుపు నిండిపోయింది.

నన్ను టైర్ల గాలి గురించి మాట్లాడమన్నారు. ఇంత చిన్న విషయానికి ప్రసంగం ఎందుకని కొందరికి అనిపించొచ్చు. మనం ఇంజన్ పనికి లక్షలు పెడతాం. ఒక్క క్రోమ్ బీడింగ్ కోసం ఊళ్లు తిరుగుతాం. గాలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం బంకులో కుర్రాడు ఎంత కొడితే అంత. రోడ్డుకి ఆనేది అరచెయ్యంత రబ్బరు, అదీ నాలుగు చోట్లే. స్టీరింగైనా బ్రేకైనా పనిచేసేది ఆ నాలుగు చోట్ల నుంచే. అందుకే ఇది నాకు చిన్న విషయంగా అనిపించదు.

బంకులో గాలి మిషను మామూలుగా 32 దగ్గరో 35 దగ్గరో పెట్టి ఉంటుంది. ఇప్పటి రేడియల్ టైర్ల కార్లకి, అంటే లోపలి దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి తిన్నగా ఉండే టైర్లకి, అది సరిపోతుంది. మన బండ్లు వేరే లెక్కలో పుట్టాయి. 1950లు, 60ల నాటి చిన్న సెడాన్లకి, దారాల పొరలు ఏటవాలుగా ఒకదాని మీదొకటి అడ్డంగా ఉండే అప్పటి క్రాస్‌ప్లై టైర్లతో, కంపెనీలు చెప్పిన గాలి ఎక్కువగా 22 నుంచి 28 పౌండ్ల మధ్య ఉండేది. పౌండ్లంటే పీఎస్‌ఐయే, చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి అని, మన మెకానిక్కులు ఇప్పటికీ అలాగే అంటారు. కొన్ని యూరప్ కార్ల పాత పుస్తకాల్లో కిలోల్లో ఉంటుంది. చదరపు సెంటీమీటరుకి ఒక కిలో ఒత్తిడి అంటే 14.2 పౌండ్లు.

మరి 35 కొడితే ఏమవుతుంది? మా మిత్రుడొకరికి పద్మిని ఉంది, 5.20-14 టైర్లది. ఒకసారి మన విశాఖ బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్తుంటే ముందు చక్రాలు ప్రతి గతుకుకీ ఎగిరి పడుతున్నాయి. స్టీరింగు చేతిలో గిలగిలా కొట్టుకుంటోంది. ఆయన అప్పటికే షాక్ అబ్జార్బర్లు, టై రాడ్ ఎండ్లు మార్చేశారు. తెల్లారి బండి చల్లగా ఉన్నప్పుడు గేజీ పెడితే నాలుగింటిలోనూ 35 ఉంది. 24కి దించాం. అంతే, బండి రోడ్డుని పట్టుకుంది. గాలి ఎక్కువైతే టైరు నడుమ ఉబ్బి, అంచులు పైకి లేస్తాయి. రోడ్డుకి ఆనే జాగా తగ్గిపోయి బ్రేకు వేస్తే ఇంకాస్త దూరం జారుతుంది. గతుకు దెబ్బంతా నేరుగా ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్నులకీ, స్ప్రింగులకీ, అరవై ఏళ్ల రిమ్ము అతుకులకీ తగులుతుంది. ఆ పార్టులు ఇప్పుడు దొరకడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

చాలామంది టైరు పక్కన అచ్చేసిన అంకె చూసి అదే కొట్టిస్తారు. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం మాత్రమే. టైరు తయారుచేసినవాళ్లకి అది ఏ కారుకి ఎక్కుతుందో తెలియదు కదా. ఎంత గాలి కావాలో చెప్పేది ఒక్కో చక్రం మీద పడే బరువు.

బీటిల్ పెద్దమనిషి ఇక్కడే ఉన్నారు. ఆయన బండిలో ఇంజను వెనక ఉంటుంది. అందుకే 1960ల నాటి బీటిల్ పుస్తకంలో ఒకరిద్దరు ఎక్కినప్పుడు ముందు 16, వెనక 24 అని ఉంటుంది. ముందు 16 అనగానే టైరు చప్పబడిపోయిందని బంకువాళ్లు కంగారు పడతారు. కానీ ఆ తేడా కావాలనే పెట్టింది. ముందూ వెనకా ఒకేలా కొడితే మలుపులో వెనక చక్రాలు ముందుగా జారిపోయే గుణం పెరుగుతుంది.

ఇంకా వెనక్కి వెళ్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఫోర్డ్ మోడల్ టీకి వేసిన సన్నటి టైర్లలో 50 పౌండ్లు దాటి గాలి ఉండాలి. ఆ టైరు అంచు రిమ్ము కొక్కెంలో ఇరుక్కుని కూర్చుంటుంది, దాన్ని అక్కడ పట్టి ఉంచేది గాలి ఒత్తిడే. తగ్గితే టైరు రిమ్ము మీద జరిగి ట్యూబు వాల్వుని మొదలంటా చీల్చేస్తుంది. 1920ల్లో లావుపాటి బెలూన్ టైర్లు వచ్చాయి. 1927 చివర్లో వచ్చిన మోడల్ ఏ 35 పౌండ్లతోనే నడిచింది. ఒకే కంపెనీ, వెంటవెంటనే వచ్చిన రెండు మోడళ్లు, ఇంత తేడా. పాత కారంటే తక్కువ గాలి అని గుడ్డిగా అనుకోకూడదని ఈ ఉదాహరణ చెప్తున్నాను.

ఇప్పుడు అసలు చిక్కు. మీలో ఎక్కువమంది బండ్లకి పుస్తకంలో రాసిన టైరు లేదు. మిషెలిన్ 1946లో పేటెంటు తీసుకున్న రేడియల్ టైరు మన దగ్గర కార్లలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడేమో క్రాస్‌ప్లై దొరకడమే గగనం. రేడియల్ వేసుకోవడం తప్పేం కాదు. దాని పక్కగోడ మెత్తన, సరైన గాలిలో కూడా కింద కొంచెం ఉబ్బినట్టే కనిపిస్తుంది. కంటితో చూసి గాలి పెంచేయకండి, గేజీ మాట వినండి. పుస్తకంలో క్రాస్‌ప్లైకి చెప్పిన అంకెకి రెండు మూడు పౌండ్లు కలిపి మొదలుపెడితే చాలావరకు సరిపోతుంది.

లెక్క గట్టిగా తేల్చుకోవాలంటే గాజువాక, ఆటోనగర్ వైపు లారీలు తూచే వే బ్రిడ్జి దగ్గరికి వెళ్లండి. మామూలుగా ఎక్కే మనుషుల్నీ సామానునీ ఎక్కించుకునే వెళ్లండి. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, వెనక చక్రాలు పెట్టి ఇంకోసారి తూయించండి. ముందు 560 కిలోలు వచ్చిందనుకుందాం, ఒక్కో చక్రానికి 280. మీ రేడియల్ మీద లోడ్ ఇండెక్స్, అంటే ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె, 82 ఉంటే అది 475 కిలోలు మోయగలదు, 36 పౌండ్ల గాలిలో. 24 పౌండ్ల దగ్గర కూడా దాదాపు 340 మోస్తుంది. అంటే 24, 26 పెట్టినా మీకు కావాల్సినంత వెసులుబాటు ఉంది. వెనక అయిదుగురి బరువు పడితే అక్కడ రెండు పౌండ్లు ఎక్కువ ఉంచాలి.

తర్వాత సుద్దముక్క తీసుకోండి. టైరుకి అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మందంగా గీత గీయండి. చదునైన సిమెంటు రోడ్డు మీద తిన్నగా కొద్ది దూరం నడిపి దిగి చూడండి. నడుమ చెరిగి అంచుల్లో సుద్ద మిగిలితే గాలి ఎక్కువ. అంచుల్లో చెరిగి నడుమ మిగిలితే తక్కువ. రెండేసి పౌండ్లు మార్చి మళ్లీ చూడండి. ఒక్క వైపే చెరిగితే దోషం గాలిది కాదు, అలైన్‌మెంట్ చూపించుకోవాలి. ఇలా తేలిన అంకెల్ని ముందుది, వెనకది విడివిడిగా ఒక చీటీ మీద రాసి గ్లోవ్ బాక్స్ మూత లోపల అతికించండి. బండి ఎవరి చేతికి వెళ్లినా ఆ చీటీ పనికొస్తుంది.

గాలి తక్కువుంటే మెత్తగా హాయిగా ఉంటుందని తగ్గించేవాళ్లూ ఉన్నారు. ఇది నాకు ఎక్కువ భయం. పక్కగోడ ప్రతి చుట్టుకీ మడతపడి లేస్తుంది, ఆ నలుగుడుకి లోపల వేడి పుడుతుంది. క్రాస్‌ప్లైలో పొరలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి కాబట్టి వేడి ఇంకా ఎక్కువ. మే నెలలో హైవే మీద గంటకి 80 కిలోమీటర్ల వేగంతో అలా వెళ్లడం చాలా ప్రమాదం. వానలో అయితే తక్కువ గాలి టైరు నిలిచిన నీళ్ల మీద ముందుగానే తేలిపోతుంది. మీ అంకె సరైనదో కాదో చూడాలంటే చల్లగా ఉన్నప్పుడు 26 పెట్టి, అనకాపల్లి దాకా వెళ్లి, ఆగిన వెంటనే చూడండి. మూడు నాలుగు పౌండ్లు పెరగడం సహజం. ఆరేడు పెరిగితే మొదట పెట్టింది చాలలేదని అర్థం. పెరిగింది కదా అని అక్కడే గాలి తీసేయకండి, చల్లారాక ఉండాల్సినదానికన్నా తక్కువైపోతుంది.

అరకు వెళ్లేటప్పుడు ఎంత పెట్టాలని తరచూ అడుగుతారు. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. అక్కడ బయటి గాలి ఒత్తిడి పౌండున్నర తగ్గుతుంది, కాబట్టి గేజీ ఆ మేరకు ఎక్కువ చూపిస్తుంది. చలికి లోపలి గాలి మళ్లీ తగ్గుతుంది, దగ్గర దగ్గర ప్రతి 6 డిగ్రీలకి ఒక పౌండు. మామూలు రోజుల్లో ఒకదానికొకటి చెల్లు. డిసెంబరు, జనవరిల్లో రాత్రి అక్కడ ఉండిపోతే మాత్రం పొద్దున్న గేజీ పెట్టి చూసుకునే బయల్దేరండి. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులోనే రండి. డ్రమ్ము బ్రేకుల వేడి రిమ్ముకీ, అక్కణ్నించి ట్యూబుకీ పాకుతుంది.

రేడియల్, క్రాస్‌ప్లై కలపడం గురించి గట్టిగా చెప్తున్నాను. ఒకే యాక్సిల్ మీద రెండు రకాలు ఎప్పుడూ వద్దు. ముందు రేడియల్, వెనక క్రాస్‌ప్లై అసలే వద్దు, మలుపులో వెనక భాగం పట్టు తప్పుతుంది. స్టెప్నీని కూడా ఈ కంటితోనే చూసుకోండి.

మన ఊరి ఉప్పుగాలి సంగతి మీకు తెలిసిందే. రిమ్ము లోపలి వైపు తుప్పు పట్టి పెచ్చులు ట్యూబుని కోస్తాయి. టైరు మార్చినప్పుడు రిమ్ము గీకించి పెయింటు వేయించండి, ట్యూబుకి పౌడరు రాయించండి. రేడియల్‌లో రేడియల్ ట్యూబే వేయాలి. పాత రిమ్ములకి ట్యూబ్‌లెస్ ప్రయోగాలు వద్దు. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు వదిలేసే అలవాటున్న షాపునే ఎంచుకోండి, ఇక్కడి తేమకి ఆ నీళ్లు టైరులోకి వెళ్తాయి. నైట్రోజన్ కోసం పరుగెత్తక్కర్లేదు, మామూలు గాలిలోనే 78 శాతం అది ఉంది. టైరు పక్కన అచ్చేసిన తయారీ కోడులో చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 ఉంటే 2019లో 23వ వారం తయారైనది. టైరు అరగక గాడులు ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరు మీద పిల్లల్ని ఎక్కించుకోకండి.

నా గేజీ బల్ల మీద పెట్టాను. మీ బండ్లు ఇప్పుడే దారి నుంచి వచ్చి వేడిగా ఉన్నాయి కాబట్టి వెంటనే చూడం. భోజనాలయ్యి మూడు గంటలు నీడలో ఉన్నాక, చెట్టు కింద బీటిల్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటీ చూద్దాం. మీ బండి పుస్తకం ఉంటే చేతిలో పట్టుకుని రండి.